జనరల్ డిశ్చార్జ్‌ని ఆనరబుల్‌గా మార్పించుకోవచ్చా? యూఎస్ ఆర్మీలో చేసిన మనవాళ్లు చెప్పండి

సత్తుపల్లి_డాలస్

అందరికీ నమస్తే. ఇక్కడ ఎప్పుడు చూసినా హెచ్1బీ, గ్రీన్‌కార్డు గొడవలే కాబట్టి నా ప్రశ్న వింతగా అనిపించొచ్చు. అయినా ఆర్మీలో చేసినవాళ్లు ఒకరిద్దరైనా చూస్తారేమోనని రాస్తున్నా. ఆర్మీ నుంచి పంపేటప్పుడు కాగితం మీద వేసే ముద్రల్లో ఆనరబుల్ పైది, జనరల్ దాని కింది మెట్టు.

2011లో ఎంఎస్‌కి వచ్చాను. చదువైంది, చదువు తర్వాత పనిచేసుకోనిచ్చే ఓపీటీ నడిచింది, హెచ్1బీ లాటరీలో పేరు రాలేదు. ఊళ్లో పొలం కుదువపెట్టి తెచ్చిన అప్పు అలాగే ఉంది. అప్పుడు మావ్నీ గురించి తెలిసింది. గ్రీన్‌కార్డు లేకపోయినా, కనీసం రెండేళ్లు లీగల్‌గా ఇక్కడుండి, వాళ్లకి కావలసిన భాషల్లో ఒకటి వస్తే ఆర్మీలో చేర్చుకునేవారు. హైదరాబాద్‌లో నేర్చిన హిందీ అక్కడ పనికొచ్చింది. 2014లో చేరాను, బేసిక్ ట్రైనింగ్ చివర్లోనే సిటిజన్‌షిప్ ఇచ్చారు. నా పని 92ఏ, అంటే స్టోర్ లెక్కలు, స్పేర్ పార్టులు. రెండున్నరేళ్ల పైన ఏ మచ్చా లేదు. ఒక అచీవ్‌మెంట్ మెడల్ కూడా ఉంది.

2017 ఎండాకాలంలో నాన్నకి పక్షవాతం వచ్చి ఖమ్మం ఆసుపత్రిలో పడ్డారు. తమ్ముడు రెడ్‌క్రాస్‌కి ఫోన్ చేసి వాళ్ల ద్వారా మా యూనిట్‌కి మెసేజ్ పెట్టించాడు. అప్పుడు మా యూనిట్ ఫీల్డ్‌లో, అంటే బయట ట్రైనింగ్‌లో ఉంది. లీవు ఇదిగో అదిగో అంటూ ఆలస్యమై, నేను విమానం ఎక్కేసరికి నాన్న లేరు. ఊరు చేరేసరికి తమ్ముడే తలకొరివి పెట్టేశాడు. పెద్దకర్మ అవగానే తిరిగొచ్చేశా.

వచ్చాక నిద్ర పోయింది. తెల్లారేదాకా మేలుకునుండి సరిగ్గా పొద్దున్నే వరుసలో హాజరవ్వాల్సిన ఫార్మేషన్ టైముకి కన్ను మూతపడేది. లేటు, మళ్లీ లేటు, కౌన్సెలింగ్ ఫారాల మీద ఫారాలు, ఆ తర్వాత ఆర్టికల్ 15, అంటే కోర్టు లేకుండా కమాండరే వేసే శిక్ష, ర్యాంకు కోత. ఆర్మీలో మానసిక ఆరోగ్యం చూసే బిహేవియరల్ హెల్త్‌కి వెళ్లాను కానీ గట్టిగా కొనసాగలేదు. ఆ ఏడాది చివర్లో చాప్టర్ 14, ప్యాటర్న్ ఆఫ్ మిస్‌కాండక్ట్, అంటే పదే పదే తప్పులు అని రాసి, జనరల్ డిశ్చార్జ్ చేతిలో పెట్టి పంపేశారు. సంతకం పెట్టేటప్పుడు మా ప్లటూన్‌లో ఒకాయన “ఏం కాదు, ఆరు నెలలు పోతే దానంతటదే ఆనరబుల్ అవుతుంది” అన్నాడు. ఏళ్లు గడిచాయి, ఏమీ కాలేదు.

ఇప్పుడు వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్ట్. నర్సింగ్ చదవాలని ఉంది. మాజీ సైనికుల చదువు ఖర్చు ఇచ్చే జీఐ బిల్‌కి పెడితే ఆనరబుల్ ఉంటేనే అన్నారు. ఇన్నేళ్ల తర్వాత దీన్ని మార్పించుకోవచ్చా? లాయర్ తప్పనిసరా? ఇంకోటి, మా బాబాయ్ ఒకాయన “ఆ పాత కేసు కెలికితే సిటిజన్‌షిప్ కూడా ఊడుతుంది జాగ్రత్త” అన్నాడు. అప్పటినుంచి అసలు ఫైలే తెరవలేదు. అమ్మకి ఇవేవీ తెలియవు, కాంట్రాక్టు అయిపోయి వచ్చేశాననే అనుకుంటోంది.

డాలస్_దేశీ

బ్రో టెన్షన్ పడకు. మా ఫ్రెండ్‌కి తెలిసిన ఒక కన్సల్టెంట్ ఉన్నాడు, నాలుగు వేల డాలర్లు తీసుకుని పని గ్యారంటీగా చేయిస్తాడంట. నంబర్ కావాలంటే మెసేజ్ పెట్టు.

లక్ష్మి_మాజీ_సార్జెంట్

గ్యారంటీ అన్నవాడికి డబ్బు కట్టొద్దు తమ్ముడూ. డిశ్చార్జ్‌లని మళ్లీ పరిశీలించే బోర్డు ఒకటి ఉంది, అది ఏం తేలుస్తుందో ముందుగా చెప్పగలిగేవాడు ఎవడూ లేడు.

నేను పుట్టింది బెజవాడ, పెరిగింది హ్యూస్టన్. ఆర్మీలో 42ఏ చేశాను, అంటే హెచ్‌ఆర్. నీలాంటివాళ్లని బయటికి పంపే కాగితాల కట్టలు, సెపరేషన్ ప్యాకెట్లు అంటారు, నా టేబుల్ మీదుగానే వెళ్లేవి. అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు మీ బాబాయ్ పెట్టిన భయం సంగతి. ఆయన మాట పూర్తిగా గాల్లోంచి వచ్చింది కాదు. మిలిటరీ సర్వీసు మీద పౌరసత్వం పొందినవాళ్లు ఐదేళ్ల ఆనరబుల్ సర్వీసు నిండకముందే “అదర్ దాన్ ఆనరబుల్” (ఓటీహెచ్, జనరల్ కంటే కింది మెట్టు) కండిషన్స్ కింద బయటికొస్తే దాన్ని రద్దు చేసే వీలు చట్టంలో ఉంది. నీ డిశ్చార్జ్ కాగితం, డీడీ 214 తీసి బ్లాక్ 24 చూడు. “జనరల్, అండర్ ఆనరబుల్ కండిషన్స్” అని ఉంటుంది. ఆ నిబంధన నీ మీదికి రాదు. ఓటీహెచ్ వచ్చిన మావ్నీ పిల్లలెవరైనా ఇది చదువుతుంటే వాళ్లు మాత్రం ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాలి. ఇంకో సంగతి, డిశ్చార్జ్ రివ్యూ బోర్డు నీకున్న దాన్ని ఇంకా కిందికి దించలేదు. పెంచుతుంది, లేదా ఉన్నది ఉన్నట్టు వదిలేస్తుంది. అడిగినందుకు పోయేదేమీ లేదు.

ఆరు నెలల కథ నేనున్నప్పుడూ ప్రతి బ్యారక్‌లో తిరిగేది. చెప్పేవాళ్లకి చెడ్డ ఉద్దేశం ఉండదు, వాళ్లకీ ఎవరో చెప్పి ఉంటారు. కానీ దానంతటదే మారడం అనేది లేదు. నువ్వు అడగాలి, బోర్డు సభ్యులు ఓటేయాలి, మెజారిటీ రావాలి.

గడువు డిశ్చార్జ్ అయిన రోజు నుంచి 15 ఏళ్లు. నీది 2017 అంటున్నావు కాబట్టి 2032 దాకా ఉంది. ఫారం డీడీ 293. జీఐ బిల్ గడువు గురించి కూడా బెంగపడకు. 2013 జనవరి 1 తర్వాత బయటికొచ్చినవాళ్లకి ఆ పాత 15 ఏళ్ల పరిమితి తీసేశారు. నీ యాక్టివ్ సర్వీసు 36 నెలలు దాటి ఉంటే, ఆనరబుల్ అయిన రోజున నూటికి నూరు శాతం వస్తుంది. స్టేట్ యూనివర్సిటీలో చేరితే ఇన్‌స్టేట్ ఫీజు మొత్తం, పైన ఇంటద్దె భత్యం. నైట్ షిఫ్ట్ మానేసి చదువుకోవచ్చు.

అలాగని ఈ రాత్రే ఫారం నింపి పంపకు. చాలామంది రెండు పేజీల ఫారం, ఒక పేజీ ఏడుపు పంపి, నో అనిపించుకుని కూర్చుంటారు. ముందు సెయింట్ లూయిస్‌లోని రికార్డుల సెంటర్ నుంచి నీ పర్సనల్ ఫైల్ మొత్తం తెప్పించు. ఆన్‌లైన్‌లో అడగొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. సెపరేషన్ ప్యాకెట్ కావాలని విడిగా రాయి, లేకపోతే డీడీ 214 ఒక్కటి పంపి ఊరుకుంటారు. మెడికల్ రికార్డులు వేరు, వాటిని వీఏ, అంటే మాజీ సైనికుల శాఖ దగ్గర అడగాలి. బిహేవియరల్ హెల్త్ నోట్స్ ప్రత్యేకంగా అడుగు.

ప్యాకెట్ వచ్చాక ఒక పని చెయ్యి. ఒక కాగితానికి ఎడమ పక్కన ఇంట్లో జరిగినవి తేదీలతో రాయి. పక్షవాతం, రెడ్‌క్రాస్ మెసేజ్, లీవు మంజూరు, మరణం, తిరిగి రావడం, బిహేవియరల్ హెల్త్‌కి వెళ్లిన రోజులు. కుడి పక్కన ప్రతి కౌన్సెలింగ్ ఫారం తేదీ, ఆర్టికల్ 15 తేదీ. నువ్వు చెప్పిన ప్రకారం ఎడమ పక్క మొదలయ్యేదాకా కుడి పక్క ఖాళీగా ఉండాలి. నీ కేసు అదే. నిన్ను బోర్డులో ఎవరూ చూడలేదు, మీ నాన్నని చూడలేదు. వాళ్ల ముందున్న ఫైల్లో “లేట్, లేట్, లేట్” అనే ఉంటుంది, ఎందుకో ఉండదు. ఆ ఎందుకుని తేదీలతో నువ్వు పెట్టాలి.

దీనికి ఆధారం కూడా ఉంది. 2014లో అప్పటి రక్షణ మంత్రి హేగెల్ ఇచ్చిన మెమో పీటీఎస్‌డీ, అంటే భయంకర అనుభవాల తర్వాత వచ్చే మానసిక సమస్య ఉన్నవాళ్ల దరఖాస్తులని ఉదారంగా చూడమంది. 2017 ఆగస్టులో రక్షణ శాఖ అధికారి కర్టా ఇచ్చిన మెమో దాన్ని ఇతర మానసిక సమస్యలకీ వర్తింపజేసింది. బోర్డు అందులోని నాలుగు ప్రశ్నలు వేసుకుంటుంది. తప్పుని తేలిక చేసే సమస్య ఏదైనా ఉందా, అది సర్వీసులో ఉన్నప్పుడే ఉందా, ఆ తప్పుకీ దానికీ నిజంగా సంబంధం ఉందా, తప్పు కంటే అది బరువైనదా. నీ స్టేట్‌మెంట్ ఈ నాలుగింటికీ జవాబులా ఉండాలి. ఆనరబుల్ రావాలంటే ఒక్క మచ్చా ఉండకూడదని రూలేం లేదని ఆ మెమోలోనే ఉంది. ఆ ముక్క ఎత్తి రాయి. 2018 జులైలో అదే శాఖ అధికారి విల్కీ మెమో వచ్చింది, కొట్లాటలు, హింస లేని తప్పులకి ఊరట ఇవ్వడం మీద. నిద్రపట్టక లేటుగా రావడం ఆ కోవలోదే.

ముందు కాగితాల మీద రివ్యూ అడుగు. అది నో అయితే ఆ 15 ఏళ్లలోపే పర్సనల్ హియరింగ్ అడగొచ్చు. ఎత్తగానే హియరింగ్‌కి వెళ్తే కాగితాల అవకాశం పోతుంది. రెండూ అయ్యాక కూడా నో అయితే డీడీ 149 ఫారం మీద, ఆర్మీ రికార్డులు సరిదిద్దే కరెక్షన్ బోర్డు ఉంది. అక్కడ లెక్క మూడేళ్లు, కానీ న్యాయం కోసం ఆలస్యాన్ని మన్నించే అధికారం వాళ్లకుంది.

లాయర్ తప్పనిసరి కాదు. మీ కౌంటీలో వెటరన్స్ సర్వీస్ ఆఫీసర్ ఉంటారు. మాజీ సైనికుల సంఘాలైన డీఏవీ, అమెరికన్ లీజియన్ వాళ్లు ఉచితంగా నీ తరఫున నిలబడతారు. కొన్ని లా స్కూళ్లలో వెటరన్స్ క్లినిక్‌లు ఉన్నాయి, స్టూడెంట్లు ప్రొఫెసర్ పర్యవేక్షణలో కేసు తయారుచేస్తారు. ఈ పనిలో వాళ్లకున్న ఓపిక పెద్ద లాయర్లకి కూడా ఉండదని నా అభిప్రాయం.

హవల్దార్_పార్వతీపురం

బాబూ, అమెరికా సంగతులు నాకు తెలియవు. ఇండియన్ ఆర్మీలో చేసి వచ్చినవాణ్ని. మా దగ్గర శిక్షలకి రికార్డులో ఎర్ర సిరాతో రాసే రెడ్ ఇంక్ ఎంట్రీలు నాలుగు పడితే పనికిరాడని ఇంటికి పంపేసేవారు. పెన్షన్‌కి 15 ఏళ్లు నిండకపోతే అంతే, మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ లేదు, ఎక్స్ సర్వీస్‌మన్ కోటా లేదు. 2015లో దూబే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, నాలుగు ఎంట్రీలు ఉన్నంత మాత్రాన పంపకూడదు, ముందు విచారణ జరగాలి, వాడు ఎన్నేళ్లు చేశాడు, ఎలాంటి చోట్ల చేశాడు చూడాలి అని. ఆ తీర్పు పట్టుకుని ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కి వెళ్లినవాళ్లున్నారు. మన రెండు రాష్ట్రాలకీ చెన్నై బెంచి.

అక్కడ కూడా గెలిచేది కాగితమే. మా పక్క ఊరి కుర్రాడు తన ఎంట్రీల నకళ్లు తెచ్చుకోకుండానే కేసు వేసి రెండేళ్లు పోగొట్టుకున్నాడు. ఆ అమ్మాయి చెప్పినట్టు ముందు ఫైలు తెప్పించుకో. నాన్నగారి విషయం చదివి బాధేసింది.

అనూష_టెంపుల్_టెక్సాస్

మా ఆయనకి అప్‌గ్రేడ్ అయింది, ఆయనా ఆర్మీనే. లక్ష్మి గారు చెప్పినదానికి రెండు మాటలు కలుపుతా.

మాకు కాగితాల రివ్యూలో మొదట నో వచ్చింది. ఆ రోజు ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. కానీ ఆ లెటర్ జాగ్రత్తగా చదివితే ఏది నమ్మలేదో వాళ్లే రాశారు. సమస్య ఉందని ఒప్పుకున్నారు, దానికీ ఆయన చేసిన దానికీ లింకు కనపడలేదన్నారు. హియరింగ్‌లో ఆ ఒక్కదాని మీదే మాట్లాడించాం. ఫోన్‌లోనే జరిగింది. అప్పట్లో ఆయనతో ఒకే గదిలో ఉన్న, స్పెషలిస్ట్ ర్యాంకు సైనికుడు ఒకడు లెటర్ ఇచ్చాడు, రాత్రిళ్లు గదిలో పచార్లు చేసేవాడని, లేపితే ఉలిక్కిపడేవాడని. పొగడ్తల లెటర్లు చాలా పెట్టాం కానీ పనికొచ్చింది అదేనని నా నమ్మకం. సత్తుపల్లి గారూ, మీ రూమ్మేట్ ఎవరో వెతికి పట్టుకోండి. “మంచివాడు, కష్టజీవి” అని రాయించొద్దు, ఏం చూశాడో రాయించండి.

రెండోది, బోర్డులు పాత నిర్ణయాలని పేర్లు తీసేసి ఆన్‌లైన్‌లో పెడతాయి. రీడింగ్ రూమ్ అంటారు. మీలాగే చాప్టర్ 14, లేటు కేసులు వెతికి చదవండి. ఎవరికి ఇచ్చారో, ఎవరికి ఎందుకు ఇవ్వలేదో చూస్తే స్టేట్‌మెంట్ ఎలా రాయాలో తెలుస్తుంది.

సత్తుపల్లి_డాలస్

అందరికీ చాలా థాంక్స్. అక్కా, రాత్రి మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. సిటిజన్‌షిప్ సంగతి వినగానే ముందు తనే ఊపిరి పీల్చుకుంది. ఫైలు కోసం రిక్వెస్ట్ పెట్టేశా, సెపరేషన్ ప్యాకెట్ అని విడిగా రాశా.

మూడు సందేహాలు. ఒకటి, బిహేవియరల్ హెల్త్‌లో అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్, అంటే కష్టం వచ్చినప్పుడు తట్టుకోలేక వచ్చే సమస్య అని రాసినట్టు గుర్తు. పీటీఎస్‌డీ కాదు, నేను యుద్ధానికీ వెళ్లలేదు. మరి ఆ మెమోలు నాకు పనికొస్తాయా? రెండు, లీవు ఆపింది ఎవరో నాకు తెలుసు. ఆయన పేరు, ఆయన అన్న మాటలు స్టేట్‌మెంట్‌లో రాయాలని ఉంది. మూడు, ఊరి నుంచి ఏం కాగితాలు తెప్పించాలి? సర్పంచ్ లెటర్ ఇస్తానంటున్నాడు.

లక్ష్మి_మాజీ_సార్జెంట్

మెమోలో ఉన్నది “మానసిక సమస్యలు, పీటీఎస్‌డీతో సహా” అని. పీటీఎస్‌డీ ఒక్కటే కాదు. యుద్ధానికి వెళ్లి ఉండాలన్న షరతు కూడా లేదు. బిహేవియరల్ హెల్త్ విజిట్ల నోట్స్ దొరికితే నీ కేసులో బంగారం, ఎందుకంటే అవి డిశ్చార్జ్ కాకముందు రాసినవి. దొరక్కపోయినా ఆగిపోవద్దు. నీ సొంత మాట కూడా సాక్ష్యమే అని కర్టా మెమోలో ఉంది. కానీ సొంత మాట ఒక్కదాని మీదే బండి నడపాలంటే కష్టం.

ఇప్పుడు నిద్ర ఎలా ఉంది? అది చెప్పలేదు నువ్వు. జనరల్ డిశ్చార్జ్‌తో వీఏ ఆసుపత్రికి వెళ్లొచ్చు, డిసెబిలిటీ క్లెయిమ్ కూడా వేయొచ్చు. జీఐ బిల్ రాలేదు కదా అని మిగతావన్నీ రావని చాలామంది ఊరికే కూర్చుంటారు. వెళ్లి మొదటి నుంచీ చెప్పు. డాక్టర్ నీ 2017 సంగతులు విని, అప్పటి లేట్లకీ దీనికీ సంబంధం ఉందని రాస్తే, నాలుగు ప్రశ్నల్లో మూడోదానికి జవాబు దొరికినట్టే. కేసు సంగతి పక్కనపెట్టినా వెళ్లు.

ఇక ఆయన పేరు. నీ కోపం అర్థమైంది, నా టేబుల్ మీదికి వచ్చిన ప్యాకెట్లలో ఇలాంటివి చూశాను. కానీ రాయొద్దు. ఆయన మీద రాసిన ప్రతి వాక్యమూ నీ గురించి రాయాల్సిన చోటు తినేస్తుంది. పైగా బోర్డులో కూర్చునేవాళ్లు కూడా యూనిట్లు నడిపినవాళ్లే, ఫీల్డ్‌లో ఉన్నప్పుడు లీవు ఇవ్వడం ఎంత తలనొప్పో వాళ్లకి తెలుసు. “ఈ తేదీన రెడ్‌క్రాస్ మెసేజ్ వచ్చింది, ఈ తేదీన లీవు మంజూరైంది, ఈ తేదీన నాన్న పోయారు” అని మూడు ముక్కలు రాసి ఆపెయ్. మిగతాది చదివేవాడికే తెలుస్తుంది. ప్యాకెట్‌లో రెడ్‌క్రాస్ మెసేజ్ కాపీ లేకపోతే రెడ్‌క్రాస్‌నే అడిగి చూడు. లీవు ఫారం, డీఏ 31, ఎలాగూ కావాలి. విమానం టికెట్ ఈమెయిల్‌లో ఉంటుంది, వెతుకు.

లేట్ల గురించి మాత్రం దాచొద్దు, సాకులా కూడా రాయొద్దు. ఇన్నిసార్లు లేటయ్యాను, కారణం ఇది, ఇప్పుడు నైట్ షిఫ్ట్ ఉద్యోగంలో ఇన్నేళ్లుగా టైముకి వెళ్తున్నాను అని రాసి, సూపర్‌వైజర్‌తో అటెండెన్స్ మీద లెటర్ తీసుకో. టైముకి రాడని పంపినవాడికి టైముకి వస్తున్నాడన్న లెటర్ కంటే మంచి జవాబు లేదు.

ఊరి కాగితాలు. డెత్ సర్టిఫికెట్, ఆసుపత్రి అడ్మిషన్, డిశ్చార్జ్ సమ్మరీ తప్పనిసరి. తెలుగులో ఉన్నవాటికి ఇంగ్లీషు అనువాదం, కింద “నాకు రెండు భాషలూ వచ్చు, ఇది సరైన అనువాదం” అని అనువదించినవాళ్ల సంతకం. నువ్వే చెయ్యకు, వేరేవాళ్లతో చేయించు. కావాలంటే నేను చేస్తా. సర్పంచ్ లెటర్ వద్దనను కానీ, ఆయన “ఉన్నత కుటుంబానికి చెందిన సౌమ్యుడు” అని రాస్తాడు, దాంతో బోర్డుకి పనిలేదు. మీ తమ్ముడితో రాయించు. ఎప్పుడు ఫోన్ చేశాడు, ఎవరికి చేశాడు, దహనం ఏ రోజు, నువ్వు ఏ రోజు చేరావు.

సత్తుపల్లి_డాలస్

తమ్ముడికి ఇప్పుడే ఫోన్ చేశా. రాస్తానన్నాడు. ఎందుకు అనడిగితే మొత్తం చెప్పాల్సి వచ్చింది, ఇంక అమ్మకి కూడా తెలిసిపోతుంది. వీఏకి వచ్చే వారం అపాయింట్‌మెంట్ తీసుకున్నా. స్టేట్‌మెంట్ ఎన్ని పేజీలుండాలక్కా?

లక్ష్మి_మాజీ_సార్జెంట్

రెండు. తేదీల కాగితం మూడోది. ప్యాకెట్ వచ్చేదాకా రాయడం మొదలుపెట్టకు, గుర్తున్న తేదీకీ ఫైల్లో తేదీకీ తేడా వస్తే అక్కడే దొరికిపోతావు. వచ్చాక పేర్లు, సోషల్ నంబరు కొట్టేసి స్కాన్ నాకు పంపు. ఈలోగా ఆ రూమ్మేట్‌ని వెతుకు.